ఇంధనం లేని జనరేటర్: ఎంత లోడు, ఎన్ని గంటలు?

ప్రశ్న: నేను బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. మా బామ్మర్ది ఈమధ్య ఒక కంపెనీ మీటింగుకు వెళ్లొచ్చాడు. డీజిలు, ఎండ, గాలి ఏదీ అక్కర్లేకుండా 5 కిలోవాట్ల కరెంటిచ్చే జనరేటరంట. మండలానికి ఒకే డీలర్‌షిప్, 6 లక్షలు. 25 వేలు అడ్వాన్సు యూపీఐలో కొట్టేసి వచ్చాడు. ఐర్లాండ్‌లో స్టియోర్న్ అనే కంపెనీ దీన్ని ఎప్పుడో కనిపెట్టిందని, ఆయిల్ కంపెనీలు తొక్కేశాయని వీడియోలు చూపించారంట. అసలు మన భాస్కరాచార్యుడే రాసిపెట్టాడని కూడా అంటున్నారు. ఆదివారం నన్ను తీసుకెళ్లి మిషన్ చూపిస్తారంట. స్టియోర్న్ సంగతి నిజమేనా? మిషన్ ముందు నిలబడ్డప్పుడు నేనేం చూడాలి, ఏం అడగాలి?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

సమాధానం: మిగిలిన 5 లక్షల 75 వేలు కట్టొద్దని మీ బామ్మర్దికి ఈ రోజే చెప్పండి. అడ్వాన్సు సంగతి చివర్లో చూద్దాం.

స్టియోర్న్ నిజంగానే ఉన్న కంపెనీ. 2000లో డబ్లిన్‌లో మొదలైంది, అధిపతి షాన్ మెకార్తీ. అప్పట్లో వాళ్ల పని ఏటీఎం, కార్డు మోసాలను పట్టడం. నిఘా కెమెరాలకు చిన్న జనరేటర్ తయారుచేస్తుండగా, ఒక రకం అయస్కాంతాల అమరికలో ఇచ్చిన శక్తి కంటే ఎక్కువ శక్తి వస్తున్నట్టు గమనించామని చెప్పుకున్నారు. దానికి 'ఆర్బో' అని పేరు పెట్టారు. 2006 ఆగస్టులో లండన్ పత్రిక 'ది ఎకనమిస్ట్'లో సుమారు 75 వేల పౌండ్లు పెట్టి ప్రకటన వేయించారు. ఉచితమైన, కాలుష్యం లేని, ఆగకుండా వచ్చే శక్తి మా దగ్గరుంది, పన్నెండు మంది శాస్త్రవేత్తలు వచ్చి పరీక్షించండి అని అందులో సవాలు.

తొక్కేశారనే మాటను ఇక్కడే తేల్చుకోవచ్చు. ప్రపంచమంతా చదివే పత్రికలో ప్రకటన వేసుకున్నారు. పరీక్షించేవాళ్లను వాళ్లే పిలిచారు, వాళ్లే ఎంచుకున్నారు. దాదాపు పదేళ్లపాటు పెట్టుబడి తెచ్చుకుంటూనే ఉన్నారు. అడ్డుపడ్డవాళ్లెవరూ కనిపించరు. కనిపించేదల్లా వరసగా తప్పిన ప్రదర్శనలు.

2007 జూలైలో లండన్‌లోని కైనెటికా మ్యూజియంలో మొదటి బహిరంగ ప్రదర్శన పెట్టారు. ఇంటర్నెట్‌లో లైవ్ చూపిస్తామన్నారు. చక్రం తిరగలేదు. కెమెరా లైట్ల వేడికి బేరింగులు పాడయ్యాయని చెప్పి రద్దు చేశారు. బేరింగ్ వేడికి ఎలా పోతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. లైట్ల వేడికే ఆగిపోయే చక్రంలో లోడు లాగేంత మిగులు శక్తి ఉందంటే నమ్మాలా?

పరీక్షకు ఎంపికైనవాళ్లు చివరికి 22 మంది అయ్యారు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్‌గా చేసిన ఇయాన్ మెక్‌డొనాల్డ్ వాళ్లకు అధ్యక్షుడు. రెండేళ్లకు పైగా చూసి, 2009 జూన్‌లో అందరూ ఏకాభిప్రాయంతో తీర్పిచ్చారు: శక్తి పుడుతున్నట్టు కంపెనీ చూపించలేకపోయింది. ఈ 22 మందీ ఆయిల్ కంపెనీల మనుషులు కారు, స్టియోర్న్ పిలిచిన మనుషులే.

అదే ఏడాది డిసెంబరులో డబ్లిన్‌లోని వాటర్‌వేస్ విజిటర్ సెంటర్‌లో మళ్లీ ఒక మిషన్ పెట్టారు. ఈసారి చక్రం తిరిగింది, కానీ దానికి రీచార్జబుల్ బ్యాటరీ తగిలించి ఉంది. చక్రం తిరగడానికి బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీని మళ్లీ చక్రమే నింపుతుంది అన్నారు. నిజంగా నింపుతుంటే బ్యాటరీ తీసేసి, ఒక చిన్న కెపాసిటర్ (కొద్దిపాటి కరెంటును కాసేపే దాచుకునేది) పెట్టి తిప్పి చూపడానికి పది నిమిషాలు చాలు. వారాల తరబడి ప్రదర్శన నడిచింది, ఆ పది నిమిషాల పని మాత్రం జరగలేదు. వీడియోల్లో మీ బామ్మర్ది చూసింది చాలావరకు ఈ ప్రదర్శనే అయ్యుంటుంది.

2015లో చక్రాలు వదిలేసి, ఫోన్ చార్జ్ చేసే పెట్టె ఒకటి అమ్మకానికి తెచ్చారు. పేరు ఆర్బో క్యూబ్, ధర 1,200 యూరోలు. లోపల మామూలు బ్యాటరీ ఉంది, దాన్ని ఆర్బో సెల్ మెల్లగా నింపుతూ ఉంటుందని వివరణ. 2016 చివరికి కంపెనీ మూతపడింది. అప్పటికి పెట్టుబడిదారులు పెట్టిన సొమ్ము సుమారు 2.3 కోట్ల యూరోలు.

ఇది కావాలని చేసిన మోసమా, తమను తాము నమ్మించుకున్నారా? స్టియోర్న్‌ను వెళ్లి చూసొచ్చిన ఎరిక్ యాష్, లండన్ ఇంపీరియల్ కాలేజీ మాజీ రెక్టర్, రెండోదే అనుకున్నారు. కావచ్చు. డబ్బు పెట్టినవాడికి మాత్రం రెండింటికీ తేడా లేదు. ఆదివారం మీకు మిషన్ చూపించే మనిషి కూడా మనస్ఫూర్తిగా నమ్మి మాట్లాడుతుండొచ్చు. కాబట్టి అతని ముఖం చూసి ఏదీ తేల్చుకోకండి.

ఇక అయస్కాంతాల సంగతి. లోపల అయస్కాంతాలుండే బీఎల్‌డీసీ ఫ్యాన్ మోటారును కరెంటు లేకుండా చేత్తో మెల్లగా తిప్పితే ఆగుతూ ఆగుతూ తిరగడం మీరు గమనించే ఉంటారు. అయస్కాంతం లోపలి ఇనుప పంటి దగ్గరికి వచ్చేటప్పుడు దానంతట అదే లాక్కుంటుంది, దాటించేటప్పుడు మనం బలవంతంగా లాగాలి. లాక్కున్నప్పుడు వచ్చిన శక్తి, విడిపించడానికి పెట్టిన శక్తి ఒక పూర్తి చుట్టుకు సరిగ్గా సమానం. ఏ కోణంలో పెట్టినా, ఎన్ని అయస్కాంతాలు పెట్టినా చుట్టు మొత్తానికి మిగిలేది సున్నా. ఆ సున్నాలోంచి బేరింగ్ రాపిడి, ఇనుములో వేడిగా పోయే నష్టాలు (ఎడ్డీ కరెంట్లు, హిస్టరిసిస్) ఇంకా తగ్గిస్తాయి. ఆర్బో మొదటి రకం ఇక్కడే ఆగిపోయింది. బ్యాటరీ పెట్టిన రెండో రకంలో, అయస్కాంతాన్ని లాక్కునే ఉంగరం ఆకారపు కోర్లకు కాయిల్ చుట్టారు. అయస్కాంతం కోర్ దగ్గరికి రాగానే కాయిల్‌కు కరెంటిచ్చి కోర్‌ను శాచురేట్ చేస్తారు, అంటే ఇక అయస్కాంత బలం పట్టనంతగా నింపేస్తారు. అప్పుడు పట్టు వదులుతుంది, చక్రం ముందుకు పోతుంది. బ్యాక్ ఈఎంఎఫ్ (తిరుగుతుంటే కాయిల్‌లో ఎదురుగా పుట్టే వోల్టేజీ) లేదు కాబట్టి తిరుగుడు ఉచితమని వాదన. కానీ అయస్కాంతం దగ్గరున్నప్పుడు కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఒకలా, దూరంగా ఉన్నప్పుడు ఇంకోలా ఉంటుంది. చక్రానికి అందే శక్తి ఆ తేడాలోనే, మనమిచ్చే కరెంటులోంచే పోతుంది. కరెంటు తరంగాన్ని గీసి చూపే ఆసిలోస్కోప్ మీద ఒక్క పల్సును చూపిస్తే ఇది కనబడదు. చుట్టు మొత్తానికి, గంటలపాటు లెక్క కట్టాలి.

మీకు చూపించబోయే మిషన్‌లో బహుశా ఇంత నాజూకు వ్యవహారం ఉండదు. మన దగ్గర తిరిగే వీడియోల్లో మామూలుగా కనిపించేది ఇది: ఒక మోటారు, బెల్టు, పెద్ద ఫ్లైవీల్ (బరువైన చక్రం), ఒక ఆల్టర్నేటర్ (తిప్పితే కరెంటిచ్చేది), బ్యాటరీ, ఇన్వర్టర్. ఇన్వర్టర్ మోటారును తిప్పుతుంది, మోటారు ఆల్టర్నేటర్‌ను, ఆల్టర్నేటర్ బ్యాటరీని. లెక్క మీరే వేయండి. చిన్న మోటారుకు 1000 వాట్లు ఇస్తే షాఫ్టు మీద వచ్చేది 750 అనుకుందాం. బెల్టు దాటేసరికి 712. కారు ఆల్టర్నేటర్ సామర్థ్యం 60 శాతం దగ్గర ఉంటుంది, అంటే 427. ఇన్వర్టర్ 85 శాతం వేసుకుంటే 363. వెయ్యి బయల్దేరితే మళ్లీ మొదటికి చేరేది మూడొందల అరవై చిల్లర, మిగతాదంతా వేడి. మంచి మోటారు, మంచి ఆల్టర్నేటర్ పెట్టి దీన్ని 600కు, 700కు లాగొచ్చు. వెయ్యిన్నొకటి చేయగలిగినవాళ్లు ఇప్పటిదాకా లేరు.

మధ్యలో ఫ్లైవీల్ ఏదో అద్భుతం చేస్తుందంటారు. అది శక్తిని దాచిపెట్టేదే గానీ పుట్టించేది కాదు. 50 కిలోల బరువు, రెండడుగుల వ్యాసం ఉన్న ఇనుప చక్రం 1500 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే అందులో ఉన్నది దాదాపు 28 వేల జౌళ్లు, అంటే ఏడున్నర వాట్-అవర్లకు కొంచెం ఎక్కువ. రాపిడిని పక్కనపెడితే, దాంతో 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు గంటన్నర వెలుగుతుంది, 100 వాట్ల బల్బు నాలుగున్నర నిమిషాలు. వాళ్లు చెప్పే 5 కిలోవాట్లకైతే ఐదున్నర సెకన్లు. మోటారు స్విచ్ తీసేసినా బల్బు వెలుగుతోందని చప్పట్లు కొట్టించేది ఈ ఏడున్నర వాట్-అవర్లతోనే.

మిషన్ చూసేటప్పుడు సిద్ధాంతం మీద వాదన పెట్టుకోకండి. క్వాంటం అంటారు, జీరో పాయింట్ అంటారు, టెస్లా అంటారు, పొద్దుగూకిపోతుంది. మీరు అడగాల్సినవి రెండే: ఎంత లోడు, ఎన్ని గంటలు. బయటినుంచి ఏమీ అందకుండా ఉన్న పెట్టె ఎంతసేపు నిజాయితీగా నడవగలదో దాని బరువును బట్టి చెప్పొచ్చు. మళ్లీ మళ్లీ చార్జ్ చేసే మంచి లిథియం సెల్ కిలోకు 250 వాట్-అవర్లు దాచుకోగలదు. మిషన్ బరువు 200 కిలోలైతే, అది మొత్తం సెల్స్‌తోనే నిండి ఉందనుకున్నా 50 యూనిట్లు (యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు). 5 కిలోవాట్ల లోడు మీద పది గంటలు. అంటే అదే లోడు మీద ఆగకుండా 24 గంటలు నడిస్తే దాచిన బ్యాటరీ అనే అనుమానం దాదాపు పోతుంది. 5 కిలోవాట్లు నిజమైతే 24 గంటల్లో 120 యూనిట్లు రావాలి. అరగంట చూసి రావడం పరీక్ష కాదు. రెండు 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలు దాచినా తక్కువ లోడు మీద రోజంతా బల్బులు వెలిగించొచ్చు: ఒక్కో బ్యాటరీ 1800 వాట్-అవర్లు, పది ఎల్‌ఈడీ బల్బులు కలిపి 90 వాట్లు. అందుకే అమ్మేవాళ్లు ఎప్పుడూ ఎల్‌ఈడీ బల్బుల దండ వేలాడదీస్తారు. చాలా ఎల్‌ఈడీ బల్బులు వోల్టేజీ సగానికి పడిపోయినా అంతే వెలుగుతాయి, లోడు పడుతున్న సంగతి కంటికి తెలియదు.

ఆర్బో క్యూబ్‌ను కూడా ఇదే కొలతతో చూడండి. అప్పటి మామూలు ఫోన్ ఒకసారి నిండడానికి సుమారు 12 వాట్-అవర్లు కావాలి. గ్యాస్ మీటర్లలో, నీటి మీటర్లలో వాడే పెద్ద లిథియం థయోనిల్ సెల్ ఒక్కటి 68 వాట్-అవర్ల వరకు ఇస్తుంది. పది సెంటీమీటర్ల పెట్టెలో అలాంటివి ఎనిమిది పడతాయి. రోజుకొక ఫోన్ చొప్పున నెలన్నర. స్టియోర్న్ అలా దాచిందని చెప్పడం లేదు. చార్జర్ వారం రోజులు పనిచేసి చూపినా ఏమీ రుజువు కానట్టే అంటున్నాం.

పరీక్షకు లోడుగా వాటర్ హీటర్ రాడ్లు వాడండి. ఐఎస్‌ఐ గుర్తున్న 1000 వాట్లవి ఐదు, 200 లీటర్ల ఇనుప డ్రమ్ము ఒకటి, నీళ్లు. డ్రమ్ముకు మీరే విడిగా ఎర్త్ వేయండి, లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) పెట్టండి, రాడ్లు ఆన్‌లో ఉండగా నీటిలో చేయి పెట్టొద్దు. వేడి దగ్గర మీటరు కనికట్టు పనిచేయదు. కరెంటు తరంగం (వేవ్‌ఫారం) ఎంత వంకరగా ఉన్నా, పవర్ ఫ్యాక్టర్ ఎంత ఉన్నా, వచ్చిన వాట్లన్నీ నీటిలోకే పోవాలి. ముందు చిన్న పరీక్ష: 20 లీటర్ల బకెట్‌లో ఒక్క రాడ్. నీటి వేడి 30 డిగ్రీలు పెరగడానికి 0.7 యూనిట్ కావాలి, వెయ్యి వాట్లు నిజంగా వస్తే 42 నిమిషాలు. బకెట్ అంచుల నుంచి పోయే వేడికి మరో నాలుగైదు నిమిషాలు వేసుకోండి. గంటన్నర పట్టిందంటే రాడ్‌కు అందుతున్నది సగమే. ఇది దాటాక డ్రమ్ము. ఐదు రాడ్లూ పూర్తిగా పనిచేస్తే డ్రమ్ము సుమారు నాలుగు గంటల్లో మరుగుతుంది, ఆ తర్వాత గంటకు సుమారు 8 లీటర్లు ఆవిరైపోతుంది. రేకు నుంచి పోయే వేడి వల్ల ఇది రెండు మూడు లీటర్లు తగ్గొచ్చు. రాడ్ల కాయిల్ నీటి మట్టానికి పైకి తేలకుండా గంట గంటకూ పోస్తూ, పోసిన లీటర్లు రాసుకుంటే ఆ కాగితమే మీ రికార్డు. దాంతోపాటు షాపులో కొన్న సింగిల్ ఫేజ్ ఎనర్జీ మీటరు ఒకటి, మీరు తీసుకెళ్లింది, అవుట్‌పుట్‌లో పెట్టండి. మీటరు, నీళ్లు రెండూ ఒకే మాట చెప్పాలి.

మొదలుపెట్టే ముందు మిషన్‌ను నేలనుంచి ఎత్తి పొడి ఇటుకల మీద, చెక్క మీద పెట్టించండి. నాలుగు వైపులా కిందనుంచి చూడగలగాలి. గోడకు, నేలకు, స్టాండుకు పోయే ప్రతి తీగా తీసేయించండి. "ఎర్తింగ్ లేకపోతే నడవదు" అంటే అక్కడ ఆగండి. రక్షణకు ఎర్తింగ్ కావాలి, నిజమే. కానీ ఎర్త్ అని చూపించే తీగలో దొంగతనంగా ఫేజు వస్తుంటే, ఇంకో చోట న్యూట్రల్ దొరికితే, అదే సరఫరా అయిపోతుంది. అందుకే ఎర్త్ రాడ్‌ను మీరే కొత్తగా, మీరు చూపిన చోట దిగ్గొట్టి, మీ తీగతోనే కలపాలి. వాళ్ల షెడ్డు కంటే మీరు చెప్పిన చోట పెట్టించగలిగితే ఇంకా మంచిది. లోపల ఇంజిను దాస్తే కనిపించే పొగ గొట్టం, పెట్రోలు వాసన సంగతి సరే, అవి దాచడం కష్టం.

మీటర్లతో జరిగే మాయలు మీకు కొన్ని తెలిసే ఉంటాయి, అయినా ఆదివారం అప్రమత్తంగా ఉండటానికి రాస్తున్నాం. అన్నిటికంటే ఎక్కువ కనిపించేది తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు. ఏసీ మాత్రమే కొలిచే క్లాంపును బ్యాటరీ తీగకు తగిలించి "చూడండి, సున్నా, కరెంటేమీ తీసుకోవడం లేదు" అంటారు. బ్యాటరీ ఇచ్చేది డీసీ, అది ఎంత పారుతున్నా ఆ మీటరుకు కనబడదు. డీసీ కూడా కొలిచే క్లాంపు మీరు తీసుకెళ్లండి. ఫేజు, న్యూట్రల్ రెండు తీగలూ కలిపి క్లాంపులో పెట్టినా సున్నాయే వస్తుంది. వీడియోలో తీగ మీద టేపు చుట్టి ఉంటే ఒకటో రెండో తెలియదు.

ఆంపియర్లను వోల్టులతో గుణించి వాట్లని చెప్పడం ఇంకోటి. సింగిల్ ఫేజ్ ఒక హెచ్‌పీ మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు నాలుగు ఆంపియర్లు లాగొచ్చు. 230తో గుణిస్తే 920. అసలు వాట్లు అందులో రెండు మూడు వందలే. ఇన్‌పుట్ దగ్గర వాట్ మీటరు చూపించి, అవుట్‌పుట్ దగ్గర ఈ గుణకారం చేస్తే నాలుగు రెట్ల లాభం కాగితం మీద వచ్చేస్తుంది. పల్సుల మీద నడిచే మిషన్లలో ఇది ఇంకా ముదురుతుంది. పదో వంతు కాలం మాత్రమే 10 ఆంపియర్లు ఇచ్చి మిగతా కాలం ఆగే కరెంటుకు సగటు 1 ఆంపియర్, ఆర్‌ఎంఎస్ (పుట్టించే వేడిని బట్టి లెక్కించే విలువ) 3.16. ఒక వైపు సగటు, ఒక వైపు ఆర్‌ఎంఎస్ వాడితే లేని శక్తి పుడుతుంది. నిజాయితీగా కొలిచే ఇంజినీర్లు కూడా ఇక్కడ తడబడతారు. స్టియోర్న్ మొదటి నమ్మకం ఇలాంటి కొలతలోనే పుట్టి ఉండొచ్చు.

బ్యాటరీ వోల్టేజీ మీద అసలే ఆధారపడొద్దు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ కొంతసేపు కదపకుండా ఉంచాక నిండుగా ఉంటే 12.7, ఖాళీ అయితే 11.9 దగ్గర ఉంటుంది. నిండు కుండకు, ఖాళీ కుండకు మధ్య తేడా 0.8 వోల్టు. మామూలు మల్టీమీటరులో 0.06 వోల్టు అటూ ఇటూ సహజం. 150 ఏహెచ్ బ్యాటరీలో అది వందకు పైగా వాట్-అవర్ల లెక్క. పైగా లోడు తీయగానే 11.8 ఉన్నది దానంతట అదే 12.2కు ఎక్కుతుంది. "చూశారా, మళ్లీ చార్జ్ అవుతోంది" అనేది ఈ క్షణంలోనే. మూత తెరిచే బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ముందూ వెనకా లోపలి ఆమ్లం సాంద్రత (గ్రావిటీ) చూడొచ్చు. అంతకంటే మేలైన పని, నడక మొదలయ్యాక బ్యాటరీ తీగలు పీకించడం. నడిపించడానికే బ్యాటరీ, నడుస్తున్నప్పుడు అక్కర్లేదు అంటే పీకడానికి అభ్యంతరం ఉండకూడదు. ఒప్పుకోకపోతే అడ్రసు రాసుకుని బయటికి వచ్చేయండి, నీళ్లు మరిగించే శ్రమ తప్పుతుంది.

భాస్కరాచార్యుడి మాట సగం నిజం. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో, యంత్రాల భాగంలో, దానంతట అదే తిరిగే చక్రం వర్ణన ఉంది: బోలు ఆకులు (చువ్వలు) ఉన్న చక్రం, ఆకుల్లో సగం వరకు పాదరసం. అంతకు ఐదు వందల ఏళ్ల ముందు బ్రహ్మగుప్తుడూ అలాంటిదే చెప్పాడు. కిందికి దిగే వైపు పాదరసం ఇరుసుకు దూరంగా జరుగుతుంది కాబట్టి బరువు ఎక్కువ అనిపిస్తుంది. కానీ దగ్గరగా చేరిన పాదరసం ఉన్న ఆకులు రెండో వైపు ఎక్కువ ఉంటాయి, తూకం సరిపోయి చక్రం ఆగుతుంది. భాస్కరాచార్యుడి గొప్పతనం సమీకరణాలు సాధించే కుట్టకం, చక్రవాళం లాంటి గణితంలో ఉంది, ఈ చక్రం తిరగకపోతే ఆయనకు పోయేదేమీ లేదు. తిరిగే చక్రం చూపించి డబ్బు తెచ్చుకున్నవాడి కథ కావాలంటే అమెరికాలోని ఫిలడెల్ఫియాకు వెళ్లాలి. జాన్ కీలీ 1870లలో కంపెనీ పెట్టి, పాతికేళ్లపాటు షేర్లు అమ్మాడు. 1898లో చనిపోయాక ఆయన ప్రయోగశాల కింద పెద్ద ఉక్కు గోళం దొరికింది, గాలిని ఒత్తిడిలో నింపి పెట్టుకునేది.

పేటెంటు కాగితం చూపిస్తే నంబరు రాసుకోండి. దరఖాస్తు నంబరు వేరు, మంజూరైన పేటెంటు నంబరు వేరు. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టడానికి ఫీజు 1,600 రూపాయలు, ఎవరైనా పెట్టొచ్చు. 18 నెలల తర్వాత అది ప్రచురితమవుతుంది, ప్రచురణ అంటే ఎవరో పరీక్షించారని కాదు. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో నంబరు కొడితే ఎక్కడుందో కనబడుతుంది. మన 1970 పేటెంట్ల చట్టం 3(ఎ) సెక్షన్ ప్రకారం స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనది పేటెంటుకు అర్హం కాదు, శాశ్వత చలన యంత్రం దానికి అందరూ చెప్పే ఉదాహరణ. అందుకే ఇలాంటివాళ్లు దరఖాస్తులో "ఉచిత శక్తి" అనే మాట రానివ్వరు, "మెరుగైన మోటారు" అని రాస్తారు. జీఎస్టీ నంబరు, ఉద్యం సర్టిఫికెట్, ఐఎస్‌ఓ స్టిక్కరు, వీటిలో ఏదీ మిషన్ పనిచేస్తుందని చెప్పదు.

ఇంకో చిన్న అడగడం ఉంది, కొంచెం కొంటెది: ఆ కంపెనీ ఆఫీసు కరెంటు బిల్లు. గోడ మీద మీటరు పక్కన సర్వీసు నంబరు రాసి ఉంటే డిస్కం సైటులో బిల్లు చూసుకోవచ్చు. రోజుకు 120 యూనిట్లిచ్చే మిషన్ లోపల పెట్టుకున్నవాళ్లు బయటి కరెంటు ఎందుకు కొంటున్నారు? యూనిట్ 4 రూపాయలకు అమ్ముకున్నా ఒక్కో మిషన్ మీద ఏడాదికి లక్షా 75 వేలు వస్తుంది. అలాంటి మిషన్ చేతిలో ఉన్నవాడు మండలానికొక డీలరును వెతుక్కోడు, బ్యాంకులో అప్పు తెచ్చుకుని మిషన్లు తనే పెట్టుకుంటాడు.

మీ బామ్మర్దికి కరెంటు వ్యాపారం మీదే మనసుంటే ఇంటి పైకప్పు సోలార్ బిగించే పని నేర్చుకోమనండి. మీ వైండింగ్ షాపుకు అది దగ్గరి పని. మన ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది, పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి 3 కిలోవాట్ల మీద 78 వేల సబ్సిడీ ఉంది. 5 కిలోవాట్ల సోలార్ రోజుకు ఇచ్చేది 20 యూనిట్లే, 120 కాదు. కానీ ఆ 20 బిల్లులో కనిపిస్తాయి.

అడ్వాన్సు 25 వేలు: యూపీఐ లావాదేవీ నంబరు, ఎవరి ఖాతాకు వెళ్లిందో ఆ స్క్రీన్‌షాటు, మీటింగు ఆహ్వానం, వాట్సాప్ మెసేజీలు, కరపత్రం అన్నీ ఒకచోట పెట్టండి. ఆదివారం పరీక్షకు ఒప్పుకోకపోయినా, పరీక్ష తప్పినా, మర్నాడే వాళ్ల ఆఫీసు అడ్రసుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి: ఫలానా తేదీన ఇంత కట్టాం, 5 కిలోవాట్లు ఇస్తుందన్నారు, చూపించలేదు, 15 రోజుల్లో అడ్వాన్సు తిరిగి ఇవ్వండి. మెసేజీలోనూ అదే పంపండి. ఇవ్వకపోతే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు, ఠాణాలో భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం ఫిర్యాదు ఇవ్వొచ్చు. మీటింగు జరిగి చాలా రోజులు కాకపోతే 1930కి ఉత్తరం కంటే ముందే ఫోన్ చేయడం మంచిది, డబ్బు ఆ ఖాతాలో ఉండగానే ఆపే వీలు అప్పుడే ఎక్కువ. "ఇంకో ఇద్దరు డీలర్లను తెస్తే మీ అడ్వాన్సు వెనక్కిస్తాం" అని బేరం పెడితే, ఆ మాట ఫోన్లో కాకుండా మెసేజీలో చెప్పమనండి, ఫిర్యాదుకు పనికొస్తుంది.